విధికుడి పని

పల్నాటి రాతి మీద చెక్కిన పేర్లలో రాజులవి ఉన్నాయి, రాణులవి ఉన్నాయి, భిక్షువులవి ఉన్నాయి. నాకు వాటన్నిటికంటే ఇష్టమైన పేరు విధికుడిది. ప్రాకృతంలో విధిక. నాగార్జునకొండ లోయలో నహరాళ్లబోడు అని పిలిచే గుట్ట మీద ఏనుగు వీపు ఆకారపు చైత్యగృహం ఒకటి ఉండేది. దాని నేల పలకల మీద పొడుగాటి పంక్తుల్లో ఒక శాసనం చెక్కారు. దానం సంగతి అయింది, దాత బంధువుల పేర్లు అయ్యాయి, పని చేయించిన ముగ్గురు థేరుల పేర్లూ అయ్యాయి. అప్పుడు చిట్టచివర ఒక చిన్న వాక్యం వస్తుంది: ఇది రాతిపనివాడు విధికుడి పని అని. దాదాపు పదిహేడు వందల యేళ్ల కిందటి సంతకం అది.

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇవాళ్టి పల్నాడు జిల్లా మాచర్ల మండలంలో, కృష్ణ కుడి ఒడ్డున, నల్లమల కొండలు చుట్టూ కాపు కాసిన లోయలో ఉండేది. శాతవాహనుల తర్వాత మూడో శతాబ్దంలో ఇక్కడి నుంచి వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, అతని కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువల చాంతమూలుడు, ఆ తర్వాత రుద్రపురుషదత్తుడు ఏలారు. వాళ్ల గురించి మనకు తెలిసిందంతా దాదాపుగా రాయి చెప్పిందే. ఎవరి తర్వాత ఎవరు, ఎవరి కూతురు ఎవరింటి కోడలు అన్న లెక్కల కోసం ఎందరో పండితులు ఈ శాసనాలను చదివారు. ఆ లెక్కలు తేలాయి కూడా. నేను ఇక్కడ చూడదలచింది ఉలి పట్టిన చేతిని.

నహరాళ్లబోడు శాసనం వేయించింది బోధిసిరి అనే ఉపాసిక. రాజుగారింటి మనిషి కాదు, గృహపతుల కుటుంబంలోని ఆడపడుచు. వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరం, హేమంతంలో 6వ పక్షం, 13వ రోజు అని తేదీ ఉంది. ఆనాటి లెక్కలో యేడాదికి మూడు కాలాలు, ఒక్కో కాలానికి ఎనిమిది పక్షాలు. ఈ తేదీని మన ప్రామిసరీ నోటులో రాసినట్టు అక్షరాల్లో ఒకసారి, అంకెల్లో ఒకసారి చెక్కారు. స్థానాన్ని బట్టి విలువ మారే అంకెలు కావు అవి. 14 వేయాలంటే పదికి ఒక గుర్తు, నాలుగుకి ఇంకో గుర్తు పక్కపక్కన చెక్కాలి. రెండు విధాలా వేస్తే ఒకటి అరిగిపోయినా రెండోది పలుకుతుంది. నేల మీద వేసే శాసనానికి ఈ జాగ్రత్త ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

ఆ చైత్యగృహం కట్టించింది తామ్రపర్ణి ద్వీపపు థేరుల కోసం. అంటే సింహళ భిక్షువుల కోసం. ఆ థేరులు ఏయే దేశాలకు ధర్మాన్ని అందించారో శాసనం వరసగా చెబుతుంది: కశ్మీరం, గాంధారం, చీనా, కిరాత దేశం, తోసలి, అపరాంతం, వంగం, వనవాసి, యవన దేశం, ద్రవిడం, పలూర, తామ్రపర్ణి. పల్నాటి గుట్ట మీద కూర్చుని ఒక రాతిపనివాడు హిమాలయాల అవతలి నుంచి సముద్రం అవతలి దాకా ఉన్న లోకాన్ని ఒకే సమాసంగా చెక్కుకుంటూ పోయాడు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేదు, కామా లేదు, చుక్క లేదు. ఏ అక్షరం జారినా దేశం పేరు మారిపోతుంది. కాగితం మీద కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు. రాతి మీద ఉలి దిగిందంటే దిగినట్టే.

దేశాల తర్వాత దానాల జాబితా. బోధిసిరి ఒక్క గుడితో ఆగలేదు. కులహ విహారంలో చైత్యగృహం, సీహళ విహారంలో బోధివృక్షానికి మందిరం, మహాధమ్మగిరిలో ఒక గది, మహావిహారంలో ఒక మండప స్తంభం, దేవగిరిలో ధ్యానశాల, పూర్వశైలంలో చెరువూ వసారా మండపమూ, కంటకసెలలో మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం, హిరుముఠువలో మూడు గదులు, పాపిలలో ఏడు గదులు, పుష్పగిరిలో రాతి మండపం. కంటకసెల అంటే కృష్ణా జిల్లా ఘంటసాల. ఒక ఇల్లాలి సొమ్ము నదివెంట సముద్రం దాకా గదులుగా, చెరువులుగా, మండపాలుగా పరుచుకుంది. ఏడు గదులకు ఏడు అని, ఒక్క స్తంభానికి ఒక్కటి అని లెక్క కచ్చితంగా చెప్పింది. ఒక్క స్తంభం ఇచ్చిన చోట మండపమే ఇచ్చానని చెప్పుకోలేదు. నాకు ఈ శాసనంలో అన్నిటికంటే గౌరవం కలిగించేది ఆ నిజాయితీ. అలాంటి దాత కాబట్టే చివర్లో పనివాడి పేరుకు చోటు దొరికిందని నా నమ్మకం.

పని చేయించిన వాళ్లు చందముఖ థేరుడు, ధమ్మనంది థేరుడు, నాగ థేరుడు. నవకమ్మికులు అని వాళ్లకు హోదా. కొత్త కట్టడాల పని చూసే భిక్షువులు అన్నమాట. సన్యాసి అయినవాడు ఇటుకలు లెక్కపెట్టడం, రాళ్లు తెప్పించడం, కూలివాళ్లను చూసుకోవడం ఆనాటి సంఘంలో తక్కువ పని కాదు. లోయలోని మహాచైత్యం పనిని పూర్తి చేయించిన భదంత ఆనందుడు దీఘ, మజ్ఝిమ నికాయాల పాఠం చెప్పే గురువుల శిష్యుడని స్తంభ శాసనం చెబుతుంది. పిటకాల చదువూ ఇటుకల పనీ ఒక్క మనిషిలో కలిసి ఉన్నాయి.

ఆ మహాచైత్యం దగ్గరికి వద్దాం. అడ్డకొలత 106 అడుగులు. లోయలోని స్తూపాలన్నిటిలో పెద్దది. దాన్ని నిలువునా ఇటుకతో నింపి కట్టలేదు. మధ్యలో కుంభం, దాని చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా గుండ్రటి గోడలు, వాటిని కలుపుతూ ఆకుల్లాంటి అడ్డగోడలు. పైనుంచి చూస్తే బండి చక్రం. గోడల మధ్య గదులను మట్టితో నింపారు. ఇటుక ఆదా అయింది, బరువు అన్ని వైపులా సమంగా పంచుకుంది, పైగా ధర్మచక్రం రూపం భూమిలోనే పడింది. వాడిన ఇటుక 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. వెలుపలి గదుల్లో ఒకదాంట్లో మట్టికుండ, అందులో వెండి భరిణె, దాని లోపల చిన్న బంగారు భరిణె, అందులో ఎముక ముక్క ఒకటి దొరికాయి. బంగారు భరిణె అడ్డకొలత ముప్పావు అంగుళం.

ఇంత పెద్ద స్తూపానికి శిల్పాలు లేవు. అమరావతిలో లాగా చెక్కిన ఫలకాలు తొడగలేదు, రాతి ప్రాకారం కట్టలేదు. సున్నం పూసిన ఇటుక గుమ్మటం, నాలుగు దిక్కులా వేదికలు, ఒక్కో వేదిక మీద అయిదేసి ఆయక స్తంభాలు, మొత్తం ఇరవై. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి బోధ, పరినిర్వాణం అనే అయిదు ఘట్టాలకు ఆ అయిదు గుర్తు. అడుగున నలుపలకలుగా మొదలై పైకి ఎనిమిది పలకలుగా మారే సాదా స్తంభాలు అవి. వాటి మీద ఉన్న అలంకారమల్లా అక్షరమే. శిల్పం లేని చోట శాసనమే శిల్పం అయింది. చెక్కినవాళ్లకూ ఆ సంగతి తెలుసనడానికి అక్షరాలే సాక్ష్యం.

అశోకుడి కాలపు బ్రాహ్మి అక్షరాలు పొట్టిగా, గీతల్లా ఉంటాయి. క అంటే ఒక కూడిక గుర్తు. విజయపురికి వచ్చేసరికి ఆ కూడిక గుర్తు నిలువు గీత కిందికి సాగి, అడుగున మెలిక తిరిగింది. అకారం, ర కూడా అలాగే కాళ్లు చాపాయి. ల తోక పైకి లేచి వెనక్కి వంగింది. గుడి ఇచ్చిన చోట అక్షరం నెత్తి మీద ఒక పెద్ద వంపు గాల్లోకి లేస్తుంది. అక్షరాల తలకట్లు మాత్రం ఒక్క వరసలో నిలుస్తాయి. పై వంపులు ఎంత ఎగిరినా, కింది కాళ్లు ఎంత సాగినా, నడుమ అక్షరం ఒడ్డూ పొడవూ చెదరదు. ముందు రాతి మీద గీసుకోకుండా ఇంత సమంగా రావడం కుదిరే పని కాదు. గీసుకున్నా, గీసినదాన్ని ఉలితో తప్పకుండా పట్టుకోవడం ఇంకా కష్టం. వంపు తిరిగే చోట ఉలి మొన ఏమాత్రం పక్కకు జారినా రాతి పెచ్చు లేచిపోతుంది. ఆ సన్నటి వంపుల చివరలు ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా తెగకుండా ఉన్నాయి.

ప్రాకృతం కూడా ఉలికి సాయపడింది. ఈ శాసనాల్లో ద్విత్వాలు సాధారణంగా రాయరు. పుత్త అని పలికేదాన్ని పుత అని వేస్తారు. ఒత్తులు తక్కువ కాబట్టి అక్షరానికి కింద చోటు మిగిలింది. ఆ చోటులోకి కాళ్లు సాగదీశారు. ఎహువల చాంతమూలుడి కాలంలో సంస్కృతం రాతి మీదికి వచ్చింది. ఒత్తు మీద ఒత్తు దిగే భాష అది. అప్పటి చేతులు దాన్నీ నెగ్గుకొచ్చాయి గాని, వీరపురుషదత్తుడి కాలపు ప్రాకృత పంక్తుల్లో కనిపించే విడుపు నాకు వాటిలో అంతగా కనిపించదు.

ఈ స్తంభాలు ఇచ్చినవాళ్లలో ముఖ్యులు ఆడవాళ్లు. మొదటి పేరు చాంతిసిరిది. చాంతమూలుడి తోబుట్టువు, పూకీయ వంశపు, మహాతలవర హోదా ఉన్న ఖందసిరి భార్య. వీరపురుషదత్తుడి 6వ సంవత్సరం, వర్షాకాలం 6వ పక్షం, 10వ రోజున ఆమె స్తంభాలు నిలిచాయి. ఆమె అన్న అశ్వమేధం చేసినవాడు, మహాసేనుణ్ణి కొలిచినవాడు, కోట్ల బంగారమూ లక్ష గోవులూ లక్ష నాగళ్లూ దానం ఇచ్చినవాడు అని ఆమె శాసనమే చెబుతుంది. యజ్ఞం చేసిన అన్న కీర్తిని బుద్ధుడి స్తంభం మీద చెక్కించడానికి ఆమెకు ఏ అడ్డూ లేకపోయింది. తర్వాతి శాసనంలో వీరపురుషదత్తుణ్ణి అల్లుడు అంటుంది. మేనత్తే అత్త. రాజు పెళ్లాడిన మరో ఇద్దరు, బాపిసిరీ ఛఠిసిరీ, ఇంకో మేనత్త హమ్మసిరి కూతుళ్లు. మన ఇళ్లలో నిన్నమొన్నటి దాకా చూసిన మేనరికం మూడో శతాబ్దపు రాతి మీద ఉంది. ఉజ్జయిని రాజు బిడ్డ రుద్రధరభట్టారిక ఒక స్తంభం నిలిపి, 170 దీనారి మాషకాలు కూడా ఇచ్చింది.

రాజు పేరు వీటిలో తేదీ చెప్పడానికి వస్తుంది. ఇచ్చింది ఇంటి ఆడవాళ్లు, చేయించింది భిక్షువులు, చేసింది విధికుడి లాంటివాళ్లు.

విధికుడి లాంటివాళ్లు ఇంకెవరైనా పేరు చెప్పుకున్నారా అంటే, కృష్ణ దాటితే జగ్గయ్యపేటలో ఒకతను ఉన్నాడు. వీరపురుషదత్తుడి 20వ సంవత్సరంలో అక్కడి మహాచైత్యం తూర్పు ద్వారానికి అయిదు ఆయక స్తంభాలు ఇచ్చినవాడు సిధథుడు అనే ఆవేసని. ఆవేసని అంటే పనివాళ్లకు పెద్ద, మేస్త్రీ. అతని తండ్రి నాకచందుడూ ఆవేసనే. కమ్మకరఠం అనే నాడు వాళ్లది. ఇక్కడ పనివాడే దాత. తండ్రి పేరు, ఊరి పేరు, ఇంటిల్లిపాది పేర్లు చెక్కించుకున్నాడు. రాజు మేనత్త చాంతిసిరి నిలిపినలాంటి స్తంభాలనే ఒక రాతి మేస్త్రీ తన సొంత డబ్బుతో నిలిపాడంటే, ఆ పనికి ఆనాడు ఉన్న విలువా వచ్చిన ఆదాయమూ ఎలాంటివో ఊహించుకోవచ్చు. నాగార్జునకొండలో దొరికిన ఛాయాస్తంభాల్లో, అంటే చనిపోయినవారి గుర్తుగా నిలిపిన రాళ్లలో, చాంతమూల మహారాజుది ఉంది, యుద్ధంలో పడిన సైనికులవి ఉన్నాయి, ఒక ఆవేసనిది కూడా ఉంది.

ఇక రాయి. దీన్ని పల్నాటి పాలరాయి అని పుస్తకాల్లో రాస్తుంటారు. నిజానికి ఇది సున్నపురాయి. లేత ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, సన్నటి రేణువు. పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కాబట్టి పొర వెంట గూటం కొడితే పలకలుగా విడివడుతుంది. మాచర్ల బండలు, దాచేపల్లి వైపు నాపరాళ్లు మన ఇళ్లలో పరిచే జాతి రాయి ఇదే. పిడుగురాళ్ల బట్టీల్లో కాలి సున్నం అవుతున్నదీ ఈ జాతే. ఆ గుణమే శిల్పాలకు ప్రాణగండం అయింది. అమరావతి ఫలకాలు ఎన్నో సున్నపు బట్టీల పాలయ్యాయి. రేణువు సన్నం కావడం వల్ల వెంట్రుక మందపు గీత కూడా నిలుస్తుంది. పొర రాయి కావడం వల్ల లోతుగా తొలిస్తే పలక లేచిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి శిల్పి లోతు కంటే గీతను నమ్ముకున్నాడు. ఇక్కడి బొమ్మలు నేపథ్యం నుంచి పూర్తిగా బయటికి రావు. పలక మందంలోనే ఒకరి వెనుక ఒకరుగా మూడు వరసల మనుషులను నిలబెడతారు. లోయలోని ఇతర స్తూపాల ఆయక వేదికల రాతి దూలాల మీద కథ వెంట కథ చెక్కి, ఘట్టానికీ ఘట్టానికీ మధ్య చిన్న గడిలో ఒక జంటను నిలిపి విడదీశారు. గురజాల దగ్గరి గోలి స్తూపం ఫలకాల మీద వెస్సంతర జాతకం కూడా ఇలా పొడుగాటి పట్టీగా సాగుతుంది. కథ ఎక్కడ మొదలై ఎటు నడుస్తోందో మనుషుల నడక చెబుతుంది. ఆ ఫలకాలు ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి.

పనివాడి మాట రాతి మీద వినిపించే చోటు ప్రపంచంలో ఇంకొకటి ఉంది. పల్నాటిలో చర్చికి వెళ్లే కుటుంబాలకు ఆ పేరు బాగా తెలుసు. పుట్టుగుడ్డివాడు కళ్లు కడుక్కున్న సిలోయము కోనేరు. యెరూషలేములో ఆ కోనేటికి నీళ్లు తెచ్చే సొరంగం కొండలో తొలిచినది, దాదాపు 533 మీటర్ల పొడవు. యూదా రాజు హిజ్కియా కోనేటినీ కాలువనూ చేయించి పట్టణంలోకి నీళ్లు తెప్పించాడని బైబిలులో రాజుల రెండో గ్రంథం చెబుతుంది. అష్షూరు సైన్యం యూదా మీదికి వచ్చింది క్రీస్తుపూర్వం 701లో. ఆ రోజుల పని ఇది అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 1880లో ఒక కుర్రవాడు ఆ సొరంగంలోకి దిగి, గోడ మీద అక్షరాలు గమనించాడు. ప్రాచీన హెబ్రీ లిపిలో ఆరు పంక్తులు.

ఆ ఆరు పంక్తుల్లో రాజు పేరు లేదు. దేవుడి పేరూ లేదు. రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వచ్చిన కూలివాళ్లు ఎలా కలిశారన్నదే అందులోని సంగతంతా. ఇంకా మూడు మూరలు మిగిలి ఉండగా అవతలివాడు పిలిచే గొంతు ఇవతలివాడికి వినబడింది. గునపానికి ఎదురుగా గునపం దిగింది. నీళ్లు 1,200 మూరలు పారి కోనేట్లో పడ్డాయి. తవ్వేవాళ్ల నెత్తి మీద కొండ ఎత్తు 100 మూరలు. అంతటితో శాసనం అయిపోతుంది. గోడను చదును చేసిన మేర పై సగం ఖాళీగానే ఉండిపోయింది, రాత కింది సగంలోనే ఉంది. దాన్ని తర్వాత గోడ నుంచి పగలగొట్టి తీశారు. ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది.

బైబిలు రాజు పేరు చెప్పింది, పని ఎలా జరిగిందో చెప్పలేదు. సొరంగం గోడ పని ఎలా జరిగిందో చెప్పింది, ఎవరి పేరూ చెప్పలేదు. రెండూ దొరికాక ఆ చరిత్ర నిండుగా అర్థమయింది. పల్నాటిలో అదృష్టం ఏమిటంటే ఒకే రాతి మీద రాజు సంవత్సరం, దాత, సంఘం, పని చూసిన భిక్షువులు, పని చేసినవాడు అందరూ ఉన్నారు. సిలోయము కూలీల గొంతు మనకు వినబడుతుంది, పేరు తెలియదు. విధికుడి పేరు తెలుసు, గొంతు వినబడదు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే గాని ఒక్క పనివాడి బొమ్మ పూర్తి కాదు.

నాగార్జునకొండ చేతులు ఒక్క మతానికే పని చేయలేదు. స్తూపాలూ విహారాలూ ముప్పైకి పైగా ఉన్న లోయలోనే నది ఒడ్డున పుష్పభద్రస్వామి, సర్వదేవుడు, కార్తికేయుడు, అష్టభుజస్వామి ఆలయాలు వెలిశాయి. కొండవాలున హారీతి గుడి, దాని కింద నాలుగు వైపులా మెట్లు కట్టిన రంగస్థలం. అష్టభుజస్వామి ఆలయం దగ్గర దొరికిన శంఖం మీద ఆ దేవుడి పేరు బ్రాహ్మి అక్షరాల్లో చెక్కి ఉంది. చదునైన పలక మీద నేర్చుకున్న చేయి, గుండ్రంగా జారిపోయే శంఖం వీపు మీద కూడా అక్షరాన్ని తిన్నగా నిలబెట్టింది. బౌద్ధుల్లోనూ అపరమహావినసేలియులకు ఒక విహారం, బహుశ్రుతీయులకు ఒకటి, మహీశాసకులకు ఒకటి, సింహళ థేరులకు ఒకటి. సిద్ధాంతాలు వేరైనా అక్షరాల మెలికలు మాత్రం అన్నిచోట్లా ఒక్కటే.

ఇదంతా బయటపడడానికి కారణమైనవాడు ఒక బడిపంతులు. మాచర్ల ప్రాంతపు సూరపరాజు వెంకటరామయ్య 1926లో లోయలో ఒక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. మద్రాసు శాసన శాఖలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి చూసి, అది ఎంత విలువైన చోటో గుర్తించాడు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు నడిచాయి. శాసనాలకు అచ్చులు తీశారు. తడి కాగితాన్ని రాతి మీద పరిచి, బ్రష్షుతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దించి, పైన సిరా అద్దుతారు. రాయి నల్లగా, అక్షరం తెల్లగా వస్తుంది. ఇదీ ఒక పనితనమే. కాగితం చిరగకూడదు, సిరా గుంటలోకి దిగకూడదు. ఆ అచ్చులను హాలండులోని లైడెన్‌లో ఆచార్యుడుగా ఉన్న ఫోగెల్ చదివి, ఎపిగ్రాఫియా ఇండికా 20వ సంపుటంలో ప్రకటించాడు. పల్నాటి ఎండలో తీసిన కాగితాల మీద ఆధారపడి ఇక్ష్వాకుల చరిత్ర నిలబడింది.

తర్వాత 1938 నుంచి టి.ఎన్. రామచంద్రన్ మరికొంత తవ్వారు. నాగార్జునసాగర్ డ్యాముకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ అంతటినీ తవ్వి నమోదు చేశారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొండ మీదా అనుపులోనూ తిరిగి కట్టారు. శిల్పాలు, శాసనాలు కొండ మీది మ్యూజియానికి చేరాయి. ఆ కొండే ఇప్పుడు ద్వీపం. లోయ లోతున నీళ్లున్నాయి. ప్రాజెక్టు నీళ్లు మన పొలాలకు అవసరమే, కాదనను. ఆ ఆరేళ్ల తవ్వకం జరక్కపోయి ఉంటే మాత్రం ఆ నీళ్ల కింద ఏం పోయిందో కూడా మనకు తెలిసేది కాదు. పాత ఇటుకను పాత చోటి లెక్క ప్రకారం మళ్లీ పేర్చిన ఆ కాలపు మేస్త్రీలను కూడా నేను విధికుడి వరసలోనే లెక్కపెడతాను. వాళ్ల పేర్లు ఏ పలక మీదా చెక్కలేదు.

పల్నాటి వాళ్లకు ఒక విన్నపం. మన బడుల్లో పల్నాటి చరిత్ర అంటే కారెంపూడి యుద్ధంతో మొదలవుతుంది. అంతకు తొమ్మిది వందల యేళ్ల ముందు ఇక్కడే ఇంత పని జరిగింది. రెంటాల శాసనం, గోలి స్తూపం, పల్లవ సింహవర్మ వేయించిన మంచికల్లు శాసనం అన్నీ మాచర్ల, గురజాల ప్రాంతాల్లోవే. ఉపాధ్యాయులు పిల్లలను ఆ ఊళ్లకు తీసుకెళ్లి, ఏ రాయి ఎక్కడ దొరికిందో చూపించాలి. మ్యూజియంలో ప్రతి శాసనం పక్కనా తెలుగులో పూర్తి అర్థం రాసి పెట్టాలి. బోధిసిరి శాసనం సంగతి చెప్పిన చోటల్లా విధికుడి పేరు తప్పకుండా ఉండాలి.

కొండకు వెళ్లేవాళ్లు విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాలి. మ్యూజియంలో అడుగుపెట్టగానే అందరూ నిలువెత్తు బుద్ధ విగ్రహం వైపు నడుస్తారు. నడవండి, అది చూడవలసిందే. దాని తర్వాత స్తంభాల అడుగుభాగం దగ్గర కాసేపు వంగి చూడండి. వెలుతురు పక్కనుంచి పడితే అక్షరం లోతు బాగా తెలుస్తుంది. పిల్లలు వెంట ఉంటే కాలు చాపి మెలిక తిరిగిన క ఎక్కడెక్కడ ఉందో వెతకమనండి, ఇట్టే పట్టేస్తారు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు తప్పించి వెళ్లండి.